చివరి నీళ్ళలో పులుపు

మా పాపకు పళ్ళ క్లిప్పులు తీసిన రోజు, ఆదోని నుంచి వస్తూ వస్తూ మైసూరుపాకు కొన్నాను. పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి తిరిగొస్తూ మిఠాయి కొన్న తల్లిని బహుశా నేనొక్కదాన్నే అయివుంటాను. ఏం చేయను, సంతోషం అట్లాంటిది. రెండేళ్ళు ఆ తీగలతో పిల్ల పడిన అవస్థ, పొద్దున లేస్తే సరిగ్గా తోముకోమని నేను పెట్టిన పోరు, అన్నీ తీరిపోయాయనుకున్నాను. డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది. "మచ్చలుండాయి అక్కా, వచ్చే వారం ఒకసారి రండి" అన్నది. నేను వింటేనా? తలూపేసి బస్సెక్కాను.

ఎమ్మిగనూరులో ఇంటికొచ్చాక, గుమ్మం దగ్గర పిల్లను నిలబెట్టి నవ్వమన్నాను. నవ్వింది. పళ్ళు వరసగా ముచ్చటగా ఉన్నాయి. కానీ ముందు పళ్ళు నాలుగింటి మీదా, క్లిప్పు అంటించిన చోటు చుట్టూ, సున్నం చిందినట్టు తెల్లటి మరకలు. చీరకొంగు తడిపి తుడిచాను. పోలేదు. గట్టిగా రుద్దాను. "అమ్మా, నొప్పి" అని పాప నా చెయ్యి పక్కకు తోసింది.

పాప ఇంటరు మొదటి ఏడాది. ఆ వయసు పిల్లలకు అద్దమే లోకం. అంతకుముందు వంకర పళ్ళని నవ్వేటప్పుడు అరచెయ్యి అడ్డం పెట్టుకునేది. తర్వాత క్లిప్పులని పెట్టుకుంది. ఇప్పుడు కాలేజీలో ఎవరో పిల్ల "సున్నం తిన్నావా మే" అన్నదట, మళ్ళీ ఆ చెయ్యి అక్కడికే చేరింది. ఇంట్లో కూడా, నా ముందు కూడా, చెయ్యి తియ్యదు. అట్లాంటివి చూస్తే కొందరు తల్లులు ఏడుస్తారు, నేను తిడతాను. క్లిప్పుల్లో బొరుగులు ఇరుక్కున్నా పుక్కిలించుకోవడానికి బద్ధకించిందనీ, అందుకే ఈ గతనీ వీధి వినేలా చెప్పాను.

మా ఇంట్లో మేం నలుగురం. మా ఆయన ఆదోనిలో జిన్నింగు మిల్లులో పని చేస్తాడు. పత్తి సీజనులో ఆయన ముఖం మాకు కనపడడమే గగనం కాబట్టి ఈ వ్యవహారంలో ఆయన లేడు. ఉన్నదల్లా నేను, పాప, మా నాయన. నేను ఒక్కదాన్నే కూతుర్ని, అందుకని అమ్మ పోయినప్పటి నుంచీ నాయన మాతోనే ఉన్నాడు. మగ్గాలకు పోయే నూలుకు రంగులు వేయడం ఆయన పని. ఆయన చిన్నతనంలో రంగుల షెడ్డులోకి పోయినవాడు, ముసలితనంలో బయటికొచ్చాడు. పాప నడక నేర్చింది ఆ షెడ్డులోనే. ఎర్రని నూలు చిలపలు ఆరేసిన దండేల కింద దోబూచులాడేది. ఏ రంగు ఎట్లా వస్తుందో తాత చెప్తుంటే నోరు తెరుచుకుని వినేది. నేను చెప్పేది అరుపు, తాత చెప్పేది మాట. దాని లెక్క అది.

తరువాతి వారం మచ్చల కోసం మళ్ళీ ఆదోని బయలుదేరుతుంటే నాయన తానూ వస్తానన్నాడు. "ఏమిటికి నాయనా, బస్సులో నలిగిపోతావు" అంటే, "పాప బయపడతాంది, నేనుంటే మేలు" అన్నాడు. నిజంగానే పాప ఆయన చెయ్యి వదల్లేదు.

డాక్టరమ్మ ఆదోనిలో పుట్టి పెరిగిన ముస్లిముల అమ్మాయి. చదువు అయిపోయాక సొంత ఊరికే వచ్చి, బజారు వెనక వీధిలో మేడమీద ఆసుపత్రి పెట్టుకుంది. చిన్న వయసు, నవ్వు ముఖం. పాపను కుర్చీలో పడుకోబెట్టి, పళ్ళ మీద గాలి ఊదింది. ఆరినకొద్దీ మచ్చలు ఇంకా తెల్లగా తేలాయి.

"పరేషాన్ కావొద్దు అక్కా" అన్నది నాతో. "క్లిప్పు చుట్టూ పాచి నిలబడినాది. పంట్లో ఉండే ఖనిజం ఆడ కరిగి బయటికొచ్చేసింది. పైపొర ఇంకా గట్టిగానే ఉంది గానీ, దాని కింద బొరుగు మాదిరి గుల్లయింది."

"మందుందా?" అన్నాను.

"ఉంది. పోయిన ఖనిజాన్ని మళ్ళీ లోపలికి పంపించే పేస్టు ఉంది. కానీ ఊరికే రాస్తే పైపైనే నిలబడతాది. ఆ సన్న బెజ్జాల్లో ఉమ్ములోని జిగురు దిగబడి ఉంటాది గదా, అది అడ్డం. ముందు ఒక మందునీళ్ళతో ఆ జిగురు తీసేసి, తర్వాత ఖనిజం పెడితే లోపలికి దిగుతాది. అందరికీ ఒకే తీరుగా పనిచేస్తాదని చెప్పలేను. కానీ పన్ను కోసే పని తప్పుతాదేమో చూద్దాం."

చెప్పలేనన్న ఆ మాట నాకు బాగా నచ్చింది. తెలిసింది తెలుసని, తెలియనిది తెలియదని చెప్పే డాక్టరును నమ్మొచ్చు.

చిగుళ్ళకు మందు తగలకుండా ఒక రబ్బరు గుడ్డ బిగించి, చిన్న సీసా మూత తీసింది. అంతే, మూల స్టూలు మీద కూర్చున్న నాయన తల పైకెత్తాడు. ముక్కు ఎగబీల్చాడు.

"ఇది బ్లీచింగు నీళ్ళ వాసన గదమ్మా" అన్నాడు.

డాక్టరమ్మ ఆశ్చర్యపోయి ఆయన వైపు చూసింది. "ఆ జాతిదే తాతా. మీకెట్ల తెలిసె?"

ఇక చూడాలి మా నాయనను. స్టూలు ముందుకు లాక్కున్నాడు. "పచ్చి నూలుకు మైనం ఉంటాదమ్మా. కంటికి కనపడదు. ఆ మైనం మీదనే రంగులో ముంచితే రంగు జారిపోతాది. అందుకని ముందు సోడాలో ఉడకేస్తాం. లేత రంగయితే బ్లీచింగు నీళ్ళు కూడా సూపిస్తాం. అప్పుడు నూలు నోరు తెరుస్తాది. అప్పుడు రంగు తాగుతాది."

డాక్టరమ్మ చేతిలో దూది ఆగిపోయింది. ఎంతో ఇష్టంగా విన్నది. "అయితే నేను చేసేది కూడా అదే తాతా" అన్నది. "మీ నూలుకు చేసినట్లే, పాప పంటికి."

ఆ ఒక్క మాటతో మా నాయన భుజాలు నిటారుగా లేచాయి. షెడ్డు మానేసినప్పటి నుంచీ ఆయన విద్య గురించి ఎవరైనా అడగ్గా నేను చూడలేదు. నేను అడిగానా, నేనూ అడగలేదు. పంటి మీద మందు పనిచేస్తుండగా ఆయన కూర్చోలేకపోయాడు. టీ తాగొస్తానని కిందికి దిగిపోయాడు. టీ కొట్టు దగ్గర ముక్కూ మొహం తెలియనివాళ్ళకు ఈ సంగతి చెప్పి ఉంటాడని నా నమ్మకం.

ఆయన కింద ఉన్నప్పుడే డాక్టరమ్మ పత్యం చెప్పింది. రోజూ పడుకునే ముందు పేస్టు పూసుకోవాలి, ఆ తర్వాత ఏదీ తినకూడదు, నీళ్ళు కూడా కాసేపు తాగకూడదు. చింతపండు, నిమ్మకాయ, మామిడికాయ, సోడాలు, కూల్‌డ్రింకులు దగ్గరికి రానివ్వకూడదు.

"ఇప్పుడు పంటికి తలుపు తెరిచి పెట్టినట్లు అక్కా. లోపలికి మంచిదే రావల్ల. పులుపు తగిలిందంటే ఉన్న ఖనిజం కూడా కరిగిపోతాది. పైపొర విరిగితే ఇంక మందుకు లొంగదు. ముందు పన్ను కోసి సిమెంటు నింపాల్సిందే."

కోసి అనే మాటకు పాప నా ముంజేయి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. పిల్లకు మచ్చలకన్నా ఆ మాటే ఎక్కువ భయం. నవ్వితే కనపడే పన్నును మిషను పెట్టి కోస్తారంటే ఎవరికి మాత్రం భయం కాదు? ఎట్లాగైనా ఆ గండం తప్పించాలని నేను అక్కడికక్కడే మొక్కుకున్నాను.

ఇంటికొచ్చాక పాప మారిపోయింది. ఎవరూ చెప్పకుండానే పేస్టు పూసుకునేది. పొద్దున్నే తాత దగ్గరికి పోయి నోరు తెరిచేది. ఆయన గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసి, "దిగుతాంది, దిగుతాంది" అనేవాడు. వాళ్ళిద్దరి గుసగుసలు చూసి నాకు కొంచెం అసూయ కూడా కలిగింది. సరే, పిల్ల సంతోషంగా ఉంది కదా, చాలనుకున్నాను.

మచ్చల కోసం రెండోసారి ఆదోనికి నేనూ పాపా ఇద్దరమే పోయాం. డాక్టరమ్మ నవ్వుతూ మొదలుపెట్టింది. పళ్ళ మీద గాలి ఊది, సన్న సూదిలాంటి దానితో మెల్లగా తాకి చూసింది. నవ్వు ఆగింది. మళ్ళీ తాకింది.

"మెత్తబడినాయి అక్కా. మూడు పళ్ళు ఫరవాలేదు, ఆపుకోవచ్చు. ఈ పన్ను మాత్రం పొర పలచనైపోయింది." తర్వాత పాప వైపు వంగి, "ఏమ్మా, పులుపు ఏమన్నా తగులుతాందా?" అని అడిగింది.

పాప ఏదో అర్థమైనట్టు కళ్ళు పెద్దవి చేసి, మళ్ళీ కిందికి దించేసింది.

నేను ఊరుకుంటానా? ఒంటికాలి మీద లేచాను. కాలేజీ ముందు బజ్జీ బండి దగ్గర నిమ్మసోడాలు తాగుతున్నావా, మామిడికాయలు నములుతున్నావా, ఉప్పూకారం అద్దుకుని తినకపోతే ప్రాణం పోతుందా అని అడిగాను. బల్ల మీద పెద్దకడుబూరు నుంచి వచ్చిన ఒకామె దవడ వాపుతో కూర్చుని ఉంది. పాపం, ఆమె తన నొప్పి మరిచిపోయి నన్నే చూస్తోంది. పాప కళ్ళ నిండా నీళ్ళు. తప్పు చేసింది కాబట్టే నోరు లేవడం లేదని నేను తీర్మానం చేసేశాను.

డాక్టరమ్మ నన్ను ఆపి, పేస్టు మానొద్దని, పులుపు మాత్రం వాసన కూడా చూడొద్దని చెప్పి పంపింది. మూడు వారాల తర్వాత రమ్మంది. అప్పటికి ఆ పన్ను నిలబడితే సరే, లేదంటే కోయక తప్పదన్నది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో చింతపండు బంద్. పులుసు లేదు, చారు లేదు, ఊరగాయ జాడీ పక్కింటికి పోయింది. పప్పులో పులుపు లేకపోతే ఆ ముద్ద గొంతు దిగదు మాకు. అయినా అందరం మింగాం. నాయన కూడా మారుమాట లేకుండా తిన్నాడు. మందు తింటే పులుపు పత్యమని ఆయనకు తెలిసిందే, కొత్తగా చెప్పాల్సిన పని లేదు. "పాప కనపడిందంతా తిని పళ్ళు మెత్తబరుచుకుంది" అని మాత్రం చెప్పాను.

"తిట్టొద్దు మే దాన్ని" అన్నాడు. "నిలబడతాదిలే. నేను సూసుకుంటా."

ఒక ఆదివారం పొద్దున పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్నాను. తడి దుప్పటి వెనక నేనున్నట్టు ఎవరికీ తెలియదు. నాయన పెరటి అరుగు మీద కూర్చుని, కత్తితో నిమ్మకాయ కోసి, స్టీలు గ్లాసులోకి పిండుతున్నాడు. పాప ఎదురుగా నిలబడి ఉంది.

"ఈ పొద్దుకు వద్దులే తాతా" అన్నది మెల్లగా.

"అట్లంటే ఎట్ల పాపా? ఒక దినం పెట్టి ఒక దినం ఇడిస్తే పనికాదు. నోట్లో పోసుకొని బాగా పుక్కిలించు."

పాప గ్లాసు తీసుకుని స్నానాల గది గోడ పక్కకు వచ్చింది. నాకు నాలుగడుగుల దూరంలో నిలబడి, ఆ నీళ్ళు కరివేపాకు చెట్టు మొదట్లో పారబోసింది. కొళాయి తిప్పి, దోసిట్లో మంచినీళ్ళు పట్టుకుని, తాతకు వినపడేలా గడగడమని పుక్కిలించి ఉమ్మింది. మూతి తుడుచుకుని వెనక్కి పోయి, "అయిపాయ తాతా" అని నవ్వింది.

దుప్పటి తప్పించుకుని ముందుకొచ్చాను.

"ఏంది నాయనా ఇది?"

నాయన ముఖంలో దొంగతనం ఏమీ లేదు. పైగా పని సరిగ్గా చేస్తున్నవాడి నిబ్బరం ఉంది. "ఏముందమ్మే. రంగు లోపలికి దిగినాక చివరి నీళ్ళల్లో రవ్వంత పులుపు సూపిచ్చల్ల. లేకపోతే రంగు నిలబడదు, మూడు ఉతుకులకు పోతాది. డాక్టరమ్మ సెప్పింది గదా, నూలుకు సేసినట్లేనని. ఆ యమ్మ చివరి నీళ్ళ సంగతి మరిసినట్లుంది. సిన్న వయసు గదా."

"తినొద్దన్నారు కదా పులుపు!"

"తినేదానికి వద్దన్నారు. పుక్కిలిచ్చేదానికి కాదు గదా. ఒక్క సుక్క కూడా మింగనీలేదు నేను."

అప్పుడు నా నోరు నా చేతిలో లేదు. ఆ పులుపే దాని పళ్ళను తినేస్తోందని చెప్పాను. పంటికి పులుపు విషమని చెప్పాను. "నీ రంగుల షెడ్డు కాదు నాయనా అది, నా బిడ్డ నోరు" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఆయన మాత్రం చేతిలోని నిమ్మచెక్కను చూస్తూ ఉండిపోయాడు. ఆ చెక్కను ఎక్కడ పెట్టాలో కూడా ఆయనకు తోచలేదు.

పాప మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. "తాతనేమీ అనొద్దు" అన్నది.

"నువ్వెందుకు చెప్పలేదే? ఆ రోజు ఆసుపత్రిలో నేనంత తిడుతుంటే నోట్లో నాలుక లేదా?"

"ఇట్ల అరుస్తావని సెప్పలే. తినేదానికే వద్దన్నారనుకున్నా, పుక్కిలిచ్చినా తప్పేనని డాక్టరమ్మ అడిగిందాకా నాకూ తెలీదు. తెలిసినప్పట్నుంచి ఒక్కసారి కూడా నోట్లో పోసుకోలేదు." గొంతు తగ్గించి, తాతకు వినపడకుండా అన్నది: "తెలిస్తే తాత అన్నం తినడు."

అది చెప్పినట్టే అయింది. ఆ పూట నాయన అన్నం ముట్టలేదు. వీధి అరుగు మీద కూర్చున్నాడు. కంచం తీసుకుపోయి పక్కన పెట్టాను. దాని వైపు చూడకుండానే, "కోస్తారా మే?" అని అడిగాడు.

"తెలీదు నాయనా. పోయి సూపించల్ల" అన్నాను.

నా గొంతులో ఇంకా కోపం ఉంది. కానీ లోపలంతా జాలి. ఆయన దానికి మేలే చేయాలనుకున్నాడు. తనకు తెలిసిన మేలు ఏదో అదే చేశాడు. జీవితమంతా ఏ పద్ధతి తప్పకుండా చేసినందుకు అందరూ మెచ్చుకున్నారో, ఆ పద్ధతే మనవరాలి పన్ను కొరికింది. డాక్టరమ్మను తప్పుపట్టాలన్నా నాకు మనసు రాలేదు. ఒక ముసలాయనను సంతోషపెట్టడానికి ఒక మంచి మాట అన్నది, అంతే కదా ఆమె చేసింది.

మూడోసారి ఆదోనికి ముగ్గురం పోయాం. నాయన ఉతికిన పంచె కట్టుకుని, పెళ్ళిళ్ళకు వేసుకునే చొక్కా వేసుకున్నాడు. బస్సులో మా పక్కన సీటున్నా పోయి వెనక కూర్చున్నాడు. పాప మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసింది.

డాక్టరమ్మ పళ్ళు చూసి చెప్పింది. మూడు పళ్ళు గట్టిపడ్డాయి. వాటికి మళ్ళీ ఒకసారి మందునీళ్ళతో జిగురు తీసి, ఖనిజం పెడితే ఇంకా తేరుకుంటాయి. నాలుగోది, సరిగ్గా ముందుది, పొర విరిగింది. మచ్చ మధ్యలో చిన్న గుంట పడింది.

నాయన స్టూలు మీది నుంచి లేచి నిలబడ్డాడు. "నేనేనమ్మా సేసింది" అన్నాడు. మొత్తం చెప్పాడు. నూలు, చివరి నీళ్ళు, నిమ్మకాయ, గ్లాసు. ఏదీ దాచలేదు, ఏదీ సమర్థించుకోలేదు. "పాప తప్పేం లేదు. వాళ్ళమ్మ దీన్ని అందరి ముందర తిట్టిందంట. ఆ తిట్లు నావి."

డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేసి, ఆయన దగ్గరికి వచ్చింది. "నూలుకు చేసినట్లే అన్నది నేను తాతా" అన్నది. "సగం చెప్పి ఊరుకున్నా. మిగతాది మీకు తెలిసినట్లు మీరు చేసినారు. నేను మీ షెడ్డుకు వచ్చి రంగేస్తే నేను కూడా నా పద్ధతే చేస్తా గదా. రవ్వంత గీకి, పంటి రంగు సిమెంటు నింపుతా. ఎక్కువ నొప్పి ఉండదు."

నాయన తలూపాడు గానీ కూర్చోలేదు. గోడకు ఆనుకుని, వీలైనంత దూరంగా నిలబడ్డాడు.

కోసే ముందే రంగు చూసుకోవాలట. పన్ను ఆరిపోతే అసలు రంగు తెలియదట. డాక్టరమ్మ ఒక పట్టీ తీసింది. దానికి చిన్న చిన్న ఉత్తుత్తి పళ్ళు వరసగా గుచ్చి ఉన్నాయి. ఒకటి పాలలాగా తెలుపు, ఇంకోటి కొంచెం పసుపు, ఇంకోటి కొంచెం బూడిద రంగు. ఒక్కొక్కటీ పాప పన్ను పక్కన పెట్టి చూసి, సరిపోయిన ఒకదాన్ని పక్కకు జరిపింది.

"తాత సూడల్ల" అన్నది పాప.

"నేనొద్దు పాపా" అన్నాడు నాయన గోడ దగ్గర్నుంచే. "నన్నింగ దేంట్లోకీ పిలవొద్దు."

"రంగు తాతే సూడల్ల. లేకపోతే నోరు తెరవను."

కోత అంటే నా చెయ్యి గిచ్చిన పిల్ల, కుర్చీలో పడుకుని మిషను పక్కన పెట్టుకుని, పెదాలు బిగించి పంతం పట్టింది. డాక్టరమ్మ నవ్వి, పట్టీ తీసుకుపోయి నాయన చేతిలో పెట్టింది. ఆయన కాసేపు దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత మెల్లగా కిటికీ దగ్గరికి పోయాడు. ఎండలో పెట్టి చూశాడు. దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరంగా పెట్టాడు, మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నాడు. పాప దగ్గరికొచ్చి దాని పన్ను పక్కన ఒకటి పెట్టాడు. తీసి ఇంకోటి పెట్టాడు. మళ్ళీ మొదటిది. ఆయన వేలు రెండింటి మధ్యా తడుముకుంటోంది.

అప్పుడు తెలిసింది నాకు. ఆయనకు తేడా కనపడడం లేదు. షెడ్డు ఎందుకు మానేశాడంటే మోకాళ్ళని చెప్పాడు. మేమూ అదే నమ్మాం. మోకాళ్ళు కాదు. రంగు పోల్చుకోలేని కళ్ళతో రంగులవాడు ఎవరికి చెప్పుకుంటాడు? పొద్దున్నే పాప పళ్ళు వెలుతురులో చూసి దిగుతాంది, దిగుతాంది అన్నవన్నీ కళ్ళతో చూసి అన్న మాటలు కావు.

"ఇది" అన్నాడు నాయన.

డాక్టరమ్మ పక్కకు జరిపినది అది కాదు. ఇది ఒక పిసరు పసుపు. ఆమె నా వైపు చూసింది. నేను నోరు తెరిచాను. కుర్చీలోంచి పాప నన్నే చూస్తోంది, రెప్ప వేయకుండా. నోటికొచ్చిన మాట మింగడం నాకు అలవాటు లేదు. ఆ రోజు మింగాను.

"తాతా, దీని పక్కది కూడా ఒకసారి..." అన్నది డాక్టరమ్మ.

"తాత సెప్పిందే పెట్టండి" అన్నది పాప.

డాక్టరమ్మ ఆ రంగు సిమెంటు రవ్వంత తీసి పంటి మీద పెట్టి, లైటు వేసి చూసింది. "దగ్గరగానే ఉంది అక్కా" అన్నది. "మాట్లాడేటప్పుడు ఎవరికీ తెలీదు." తర్వాత మిషను మోగింది. పాప ఒక చేత్తో కుర్చీ పట్టుకుంది, ఇంకో చెయ్యి చాచింది. నాయన ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. పని అయ్యేదాకా కళ్ళు మూసుకునే ఉన్నాడు.

అంతా అయ్యాక డాక్టరమ్మ అద్దం ఇచ్చింది. పాప చాలాసేపు చూసుకుంది. అద్దం లోకమైన పిల్ల అది, దానికి ఆ పసుపు కనపడకపోవడమేమిటి? అద్దం తిరిగి ఇచ్చేసింది.

మేడ దిగి వీధిలోకి వచ్చాం. పత్తి లారీలు పోతున్నాయి, ఎండ కళ్ళలో గుచ్చుకుంటోంది. ఆ ఎండలో నాకు ఆ పిసరు పసుపు స్పష్టంగా కనపడింది. నాయన రెండడుగులు వేసి ఆగాడు.

"కలిసిందా పాపా?" అని అడిగాడు. వీధి రొదలో నాకే సరిగ్గా వినపడలేదు, అంత చిన్నగా అడిగాడు.

పాప చెయ్యి అలవాటుగా నోటి దగ్గరికి పోయింది. సగంలో ఆగింది. చెయ్యి దించేసి, ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, ఎండ వైపు ముఖం ఎత్తి, పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. "నువ్వే సూడు తాతా."

ఆయన దాని గడ్డం పట్టుకుని ఒంగాడు. ముఖం దగ్గరికి తెచ్చాడు. ఇంకా దగ్గరికి తెచ్చాడు. పక్కనుంచి జనం తప్పుకుని పోతున్నారు, కొందరు ఆగి చూస్తున్నారు. ఎవరు చూసినా పాప అట్లాగే నవ్వుతూ నిలబడింది.

"కలిసింది" అన్నాడు నాయన.

ఆయనకు కనపడలేదని నాకు తెలుసు. పాపకూ తెలుసు. ఆయన గడ్డం వదిలేదాకా అది నోరు మూయలేదు.